మేం ఇవ్వని చిరునామా

తొంభైల చివర్లో అన్నయ్య చోడవరంలో రెండు గదులు అద్దెకి తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టేడు. నేనూ, మా వదినా పాఠాలు చెప్పేవాళ్లం. వదినది మాడుగుల. లెక్కల్లో డిగ్రీ చేసింది.

ఇంటర్నెట్లో కంప్యూటర్లకి చిరునామాలుగా ఇచ్చే నంబర్లు చాలడం లేదనీ, పొడవాటి నంబర్లతో కొత్త పద్ధతి వస్తోందనీ అన్నయ్య విశాఖపట్నంలో విని వచ్చేడు. మా కంప్యూటర్ల మధ్యనే అది నేర్చుకుందామనుకున్నాం. వదిన బోర్డు మీద ప్లాను గీసింది. ముందు గది ఒక సబ్‌నెట్, అంటే నెట్‌వర్క్‌లో ఒక పేటలాంటిది, వెనక గది ఇంకోటి, రెంటినీ కలపడానికి రౌటర్‌గా ఒక పాత మెషిన్. పాత పద్ధతిలో నంబర్లని పొదుపుగా ముక్కలు చేసేవాళ్లం. ఇక్కడ ఒక్క గదికే ఎన్ని వస్తాయో లెక్క కట్టబోయి, అంకెలు బోర్డు అంచుకి చేరేసరికి వదిన చాక్‌పీస్ కింద పెట్టేసింది.

"ఇన్నేటి? ఉన్నవి నాలుగు కంప్యూటర్లు!"

ప్లాను ప్రకారం చిరునామా ఇద్దామని నేను మొదటి మెషిన్ వేసేను. అప్పటికే దానికొకటి ఉంది.

"వదినా, నువ్వు ముందే ఇచ్చేసేవా?"

"నేనివ్వలేదే!"

"పాఠాలకొచ్చే గుంటలెవరో కెలికుంటారు," అన్నాడు అన్నయ్య.

తీసేసి, మెషిన్ ఆపి మళ్లీ వేసేం. అదే చిరునామా.

వదిన స్క్రూలు విప్పి, లోపలున్న నెట్‌వర్క్ కార్డు మీది నంబరు చదువుతూ ఆగిపోయింది.

"ఇలా సూడు. ఫ్యాక్టరీలో కార్డుకేసిన నంబరే ఇది. మధ్యలో నాలుగక్షరాలు చేరేయి, మొదట్లో ఒక అంకె మారింది. అంతే. దీంతో మెషినే చిరునామా కట్టేసుకుంది."

రౌటర్ వేస్తే, అది చెప్పిన ముందు గది సబ్‌నెట్ నంబరు మొదట్లో పెట్టుకుని ఇంకో చిరునామా వచ్చింది. మెషిన్‌ని వెనక గదికి మోసుకెళ్లేం. ముందు సగం మారింది. కార్డు నంబరున్న వెనక సగం అక్షరం కూడా మారలేదు.

"అంటే ఈ మెషిన్ ఏ ఊరెళ్లినా ఇదేనని అవతలోళ్లకి తెలిసిపోతాదా?" అంది వదిన.

అన్నయ్య నవ్వేడు. "తెలిస్తే ఏటే? మనమేమైనా దొంగలమా?"

"దొంగలం కామండీ. కానీ మనల్ని అడగలేదు కదా."

అన్నయ్య నవ్వాపేసేడు. మధ్యాహ్నం బ్యాచ్ వచ్చి గుమ్మంలో నిలబడితే, మెషిన్‌ని అలాగే వదిలి పాఠానికి లేచేం.

సాయంత్రం, రౌటర్ మాట విని సొంతంగా చిరునామా కట్టుకోకుండా మెషిన్లని ఆపి, వదిన ఎంచిన అంకెలనే చేత్తో ఇచ్చేం. రౌటర్ వెయ్యకముందే వచ్చిన ఆ మొదటి చిరునామా గది లోపలే పనిచేస్తుంది, బయటికి వెళ్లదు; దాన్ని ఎలా తియ్యాలో మాత్రం తెలియలేదు. ఉండనిచ్చేం.