మడమ కింద పువ్వు

చెప్పుల డిజైనరు గారికి పువ్వులు కలలో పూస్తాయట. ఒకసారి ఆయన గీసిన పువ్వు మీద తుమ్మెద వాలి కాగితానికి అతుక్కుపోయిందని కొట్లో అందరికీ చెబుతాడు. నమ్మనివాళ్ళకి పుప్పొడి కూడా చూపిస్తాడు. నడుస్తుంటే గడ్డం ఆకాశానికేసి ఉంటుంది, మాట్లాడుతుంటే చూపుడువేలు గాల్లో గీతలు గీస్తుంటుంది. ఎక్కడ ఏ అల్లిక కనిపించినా కన్ను అక్కడే, చావింట్లోనైనా సరే. ఈ ఏడు ఊరంతా ఎగబడి కొన్నది ఆయన ఎనిమిది రేకుల పువ్వు, సరిగ్గా మడమ ఆనే చోట. వియ్యపురాలు వస్తే ఒక జత ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, "వేసుకోండి చెల్లెమ్మా, రాణులు అడిగినా లేవన్నాను" అన్నాడు. ఆవిడ వాటిని తీసి కళ్ళకద్దుకుని ఒళ్ళో పెట్టుకుంది. మురిసిపోయి ఆయన కల కథ ఎత్తుకున్నాడు. తుమ్మెద వాలేదాకా విని కోడలు మెల్లగా అంది: "మామయ్యా, అది మా వాళ్ళలో పోయినవాళ్ళకి కప్పే దుప్పటి మీద పువ్వు. నాన్నకి అమ్మే కుట్టింది. ఆ రోజు మీరు పక్కనే కూర్చున్నారు."

వేలు గాల్లోనే ఆగిపోయింది. "చాలా బాగుందనీ..." అని నసిగాడు.

"బాగుంటుంది అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు. "అందుకే కాలికి తగలనివ్వం."

మర్నాడే కొట్లో ఉన్నవన్నీ తీయించేశాడు. అమ్ముడైనవాటిని ఏం చేస్తాడు? ఇప్పుడు వీధిలో తల దించుకునే నడుస్తున్నాడు. తల దించుకుంటే కనిపించేవి జనం కాళ్ళే. ముందు నడిచేవాళ్ళ మడమ లేచినప్పుడల్లా, మాసిపోయిన పువ్వొకటి కనిపించి మళ్ళీ అణిగిపోతోంది.