వైకుంఠం పోసిన పురుళ్లు

మొఘల్‌పురా వైకుంఠానికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. లోకంలో ఏ గప్పీ చేప కడుపుతో ఉన్నా, దానికి తానే తల్లిగారి తరఫు మనిషిననుకుంటాడు. ఇదేం పిచ్చని అతని భార్య కృష్ణమ్మనడగండి, చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది.

రైల్వే షెడ్డులో ఫిట్టరు ఉద్యోగం. డెబ్బయి రెండులో పెళ్లాంతో లాడ్ బజార్‌కు గాజులు కొనడానికి పోయి, గాజుల సంగతి మరిచి, పక్క సందులోంచి నాలుగు గప్పీలను సీసాలో పట్టుకొచ్చాడు. కృష్ణమ్మ కడుపుమంట ఆనాడు మొదలైంది. కిటికీ అద్దాలకు లప్పం పెట్టి తొట్టి చేశాడు. పిల్లల్ని తోడడానికి ఆమె చాయ్ జాలి పోయింది. కాన్పు తొట్టికి అడ్డం కట్టాలని ఆమె దోమతెర కత్తిరించాడు. ఉడికిన గుడ్డులో పచ్చసొన చేపపిల్లలకట, తెల్లసొన ఇంట్లో మనుషులకట! ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

పైగా ఎదురు కోపం అతనిదే. "గిన్నెలు గట్ల ఎత్తేస్తవేందే, చప్పుడుకు చేప బెదరదా? గప్పీ గుడ్లు పెట్టదు, మనలెక్కనే పిల్లల్ని కంటది. తోక కాడ నల్లమచ్చ చూడు, ఎంత ముదిరిందో! ఇయ్యాలనో రేపో అన్నట్టున్నది."

"నా మూడు కాన్పులకు యాకుత్‌పురా టేషన్ల రైలెక్కించి చెయ్యి ఊపినవ్, గంతే. చేప కాన్పుకు సెలవు పెడతవా?"

"నీకు మీ అమ్మ ఉండె. దీనికెవరున్నరు?"

కృష్ణమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అడిగినవాళ్లకు చేపలను ఊరికే ఇచ్చేవాడు. ఊరికే అంటే పిల్లనిచ్చినట్టు! తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి కదా, నల్లమచ్చ తేలిందని తెలియగానే సైకిలుకు సీసా తగిలించుకుని పోయి తెచ్చుకునేవాడు. కాన్పయ్యాక పిల్లాపాపలతో, సీసా మూతికి పసుపు రాసి, ఒడిబియ్యం మూటతో సహా దిగబెట్టి వచ్చేవాడు. బియ్యం ఎవరింటివి? కృష్ణమ్మ డబ్బాలోవి.

ఒకసారి పక్క గల్లీ రామ్‌చందర్ ఇంట్లో వైకుంఠం ఇచ్చిన చేప, రెండో కాన్పులో, కన్న పిల్లల్ని కన్నట్టే మింగేసింది. గప్పీ గుణమే అది. తల్లయినా సరే, ఎదురుగా కదిలిందల్లా తిండే. కాని ఆ మాట వైకుంఠం ఒప్పుకుంటేనా?

"మా పిల్ల గసొంటిది కాదు! మీరే కడుపు మాడ్చిన్రు. కాన్పు యాళ్లకు ఒక్కరన్న కాడ కూసున్నరా? పిల్ల బయటవడంగనే తీసి పక్కకు వెయ్యాలె. గింత తెల్వదా?"

"వైకుంఠమన్నా, అది చేపనే."

"అయితే?"

ఆ 'అయితే'కు రామ్‌చందర్ క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇట్లా ఉండగా ఎదురింటి ఆగమ్మ కోడలు అండాలుకు ఆరో నెల వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక కాన్పు పోయింది. ఈసారి బిందె ముట్టొద్దు, పగలు పడుకోవాలి, లేకపోతే ఇదీ దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆగమ్మ చెవినబెడితేనా! "మేం కనలేదా? నొప్పులొచ్చేదాంక దంచిన నేను" అంటుంది. కొడుకు బాలనర్సింహ తల్లి ముందు నోరు విప్పడు. తల్లిలేని ఆ పిల్ల నల్లా దగ్గర నుంచి బిందె మోసుకుంటూ, గోడ పట్టుకుని ఆగి ఆగి నడిచేది. చూడలేక కృష్ణమ్మ వెళ్లి చెబితే, "మా ఇంటి ముచ్చట నీకెందుకు?" అని ఆగమ్మ తగిలించింది.

ఆ కోపమంతా తెచ్చి మొగుడి మీద పోసింది కృష్ణమ్మ. "చేపకు చెమట పడితే ఉరుకుతవ్. ఎదురుంగ మనిషి సస్తుంటె కనవడదా నీకు?"

వైకుంఠం పచ్చసొన నలుపుతూ కూర్చున్నాడు. సిగ్గులేని మనిషి అనుకుందామె.

మర్నాడు పెద్ద సీసా ఒకటి తీసుకుపోయి ఆగమ్మ ఇంట్లో పెట్టాడు. లోపల ఒక్కటే చేప. పట్టుచీర కుచ్చిళ్లలాగా ఎర్రటి తోక.

"నాకూ ఒకటియ్యవైతివని అంటుంటివి కద ఆగవ్వా, ఇగో. కడుపుతోనున్నది. గాని జర కాయిదాలున్నయి, తప్పొద్దు. పగటీలి బువ్వ తిన్నకాంచి పొద్దుగూకేదాంక ఒకరు పక్కన పండుకొని చూడాలె. కూసుంటె నీడవడి బెదురుతది. నీళ్లబిందె మోసి రొప్పేటోళ్లు దగ్గరికి రావొద్దు."

"గంత ఖాళీ నాకేడిది?"

"అయితె తీస్కపోత. రామ్‌చందర్ అడుగుతుండు."

"ఉండు, ఉండు! మా అండాలు పండుకుంటది తియ్!"

ఆ రోజు నుంచి బిందెలు బాలనర్సింహ మోశాడు. మోయకేం చేస్తాడు, ఇంట్లో చేప కడుపుతో ఉండె!

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు వైకుంఠం డ్యూటీకి పోయిన సమయంలో ఆగమ్మ మండిపడుతూ వచ్చింది. "ఏం చేపనే తల్లీ, ఇంక కనదేంది? మీ ఆయన మోసం చేసిండా? నీకెరుకనే గద, వచ్చి చూడు!"

కృష్ణమ్మ వెళ్లి సీసా మీదికి వంగింది. గప్పీల్లో ఆడది బూడిద రంగు, బొద్దు మనిషి. రంగులూ సోకులూ అన్నీ మగదానివే. ఈ ఎర్రతోకకు నల్లమచ్చ లేదు, కడుపు లేదు. మగచేప! నూరేళ్లు పక్కన పండుకున్నా కనదు!

ముందు ఒళ్లు మండింది, తనకు ఒక్క మాటైనా చెప్పలేదు కదా అని. అంతలో చాప మీద అండాలు కనిపించింది. పక్కకు తిరిగి హాయిగా నిద్రపోతోంది. మొహం నిండుగా, కళగా ఉంది.

కృష్ణమ్మ నడుం నిటారు చేసి, "దినాలు నిండుతున్నయి ఆగవ్వా" అంది. "ఇగ మరింత పైలంగుండాలె. పొద్దుగాల సుత పండుకొని చూస్తెనే మంచిది."

సాయంత్రం వైకుంఠం ఇంట్లో అడుగు పెట్టగానే తగులుకుంది. "మగదాన్ని చూపెట్టి కడుపుతో ఉన్నదంటవా?"

వైకుంఠం గుమ్మంలోంచి ఎదురింటి వైపు చూశాడు. "నువ్వేమన్నవ్?"

"నేనేమంట? పొద్దుగాల సుత పండుకోమన్న!"

నెలలు నిండాక అండాలుకు నొప్పులొచ్చాయి. ఇంటి తాళంచెవి కృష్ణమ్మకిచ్చి ఇంటిల్లిపాదీ దవాఖానకు పరుగెత్తారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. నాలుగో రోజు బిడ్డతో ఇంటికొచ్చేసరికి, సీసా పక్కన వైకుంఠం నిప్పులు చెరుగుతున్నాడు.

"వచ్చిన్రా? నిండు మనిషిని ఒక్కదాన్నే ఇడిచిపెట్టి అందరు పోతరా? చూసే దిక్కులేక మొన్న పగటీలి కన్నది, కన్నయి కన్నట్టె మింగింది! యాభై మంది!"

ఆగమ్మ మొహం పాలిపోయింది. మనవరాలిని పక్కనే ఉన్న కృష్ణమ్మ చేతిలో పెట్టి, ఎర్రతోక పెద్దమనిషి ముందు కూలబడి రెండు చేతులూ జోడించింది. "తప్పయింది బిడ్డా! నాకు తోచలేదు!"

కృష్ణమ్మకు పెదవి కొరుక్కోక తప్పలేదు. "ఏడ్వకు అవ్వా. బాలింత ఒంటిగ ఉండొద్దు. అండాలును ఇరవై ఒక్క దినాలు దీని కాడనే పండుకోనియ్యి."

"ఇరవై ఒక్కటేంది, నలభై!" అని గర్జించాడు వైకుంఠం.

ఆగమ్మ లేచి కళ్లు తుడుచుకుంది. తన చేతులతోనే చాప పరిచి, తలకింద మెత్త దులిపి వేసి, "రా బిడ్డా, పండుకో" అని కోడలిని పిలిచింది.