ముగ్గు లేని గోడముక్క

సోమవారం సాయంత్రం ఇసుక తట్ట దించి, కూతురు నవనీతను వెంటబెట్టుకుని భాగ్యమ్మ గుడిసెకు వచ్చేసరికి ఆమె గిన్నెలూ బొంతా బయట పడున్నాయి. లోపల ఎవరో పొయ్యి రాజేస్తున్నారు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న 1998. అలాంటి ఒక మేడ ప్రహరీని ఆనుకుని పాలమూరు కూలీల గుడిసెలు ఉండేవి. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పడానికి నగరం నుంచి వచ్చే ఉమాశ్రీ టీచరు ఆదివారం పని లేని పూట వాళ్ళందరి చేతా గోడ మీద కుంచెలతో రంగు ముగ్గులు వేయించింది. గోడకు ఆఫీసు వైపున, ఎవరి గుడిసె వెనకున్న ముక్క వాళ్ళది. ఇక్కడ సంసారాలున్నాయని ఆఫీసు వాళ్ళ కంటపడాలని ఆమె ఆశ.

అందరూ వేశారు, భాగ్యమ్మ తప్ప. ఆమె మొగుడు పోచయ్య జ్వరంతో పోయి నాలుగు నెలలు. చావు జరిగిన ఇంట ఏడాది దాకా ముగ్గు పెట్టరు. ఆ సంగతి టీచరుకు చెప్పే ఓపిక కూడా లేక ఆ పూట పడుకుంది.

సోమవారం పొద్దున సూపర్‌వైజర్ కామేశ్వరరావు కొత్తగా దిగిన ఒక జోడీకి చోటు వెతుకుతూ గోడ వెంట నడిచాడు. బోడి గోడ చూశాడు. ఇక్కడివాళ్ళు వెళ్ళిపోయారనుకుని, లోపలికి తొంగి చూడకుండానే ఆ గుడిసె ఇచ్చేశాడు.

"నేనుండంగనే నా గుడిసె ఎట్లిస్తవ్ సారూ?" సాయంత్రం అతన్ని నిలదీసింది భాగ్యమ్మ.

"గోడ మీద నీ గుర్తేదమ్మా? అందరూ వేశారుగా."

కబురు తెలిసి వచ్చిన ఉమాశ్రీ కుంచె చేతికిచ్చింది. "రెండు గీతలు గీసేయండి భాగ్యమ్మగారూ. గొడవ తీరిపోతుంది."

"ఏడాది నిండకుండ ముగ్గెట్ల పెడ్తనమ్మా? రేపు పిల్లకేమన్నయితే నువ్వొస్తవా?"

ఉమాశ్రీ కుంచె వెనక్కి తీసుకుంది. భాగ్యమ్మ ఎర్రమన్ను కలిపి, ఆ ముక్కంతా చేత్తో అలికింది. అలుకుకు పట్టింపు లేదు.

"ముగ్గేది?" అన్నాడు కామేశ్వరరావు.

పక్క గుడిసె లక్ష్మమ్మ తట్ట మీద కూర్చునే అంది: "అలికినంక ఇల్లు గాదా సారూ? మీ ఇంట్ల అమ్మగారు రోజూ రంగులేస్తదా ఏంది?"

జనం నవ్వారు. కామేశ్వరరావు నవ్వలేదు. "సరే, ఉండు. కానీ వాళ్ళనీ లేపలేను. సర్దుకోండి."

కొత్త జోడీ పెంటయ్య, సీతాబాయి. వాళ్ళకో చంటిపిల్ల. సీతాబాయి పొయ్యి మీది అన్నం దించి చోటిచ్చింది. భాగ్యమ్మ పాత చీర మధ్యలో అడ్డంగా కట్టింది.

ఆ వానాకాలమంతా ఆ గుడిసెలో ఐదుగురున్నారు.