కోటమ్మ వేసిన ముడి

నాకు చదువు మూడో తరగతి. ఫోన్లో మాట్లాడితే అక్షరాలు అదే వేస్తది. తప్పులుంటే మీరే సర్దుకోండి. అట్లతద్ది ఉయ్యాలలు చూద్దామని పల్నాడు వచ్చేవాళ్ళ కోసం ఇది చెబుతున్నా.

మా చెల్లెలు కోటమ్మది గురజాల పక్కన పల్లె. ఈ ఏడు ఆ ఊరి ఆడోళ్ళంతా కూడి, మా కోటమ్మ లాంటి మొగుడు పోయినోళ్ళు కూడా ఉయ్యాల ఊగాలని తీర్మానం చేసుకున్నారు. ఆ మాట బయటికి రాగానే, ఉయ్యాల కట్టే వేపకొమ్మని ఊళ్ళో మగాళ్ళు నరికేశారు. కరెంటు తీగలకి అడ్డమంట! ఇన్నేళ్ళు లేని అడ్డం ఇప్పుడొచ్చింది. నేను నలభై ఏళ్ళు మాచర్ల పక్క నాపరాయి క్వారీల్లో మోకులు కట్టి బండలు లేపినవాణ్ణి. చెట్టు లేకపోతే ఉయ్యాల ఆగుద్దా? మోకు చుట్టి భుజానేసుకున్నా.

నరసరావుపేటలో పొద్దున ఆరింటికి బస్సెక్కా. ఆడోళ్ళకి టిక్కెట్టు లేదుగా, సీట్లన్నీ వాళ్ళవే. పిడుగురాళ్ళ దాకా నిలబడే ఉన్నా. కండక్టరు మోకు చూసి, "ఏంది తాతా, ఎద్దుల్ని కొన్నావా?" అన్నాడు.

"ఉయ్యాల కట్టటానికి పోతున్నా."

"వయసులో ఉన్నోళ్ళు లేరా ఆ ఊళ్ళో?"

"ఉన్నారు. కొమ్మ నరికింది వాళ్ళే."

వెనక సీట్లో ఆడోళ్ళు పగలబడి నవ్వారు. ఒకామె జరిగి నాకు చోటిచ్చింది. గురజాల చేరేసరికి ఎనిమిదిన్నర. టిక్కెట్టు వందలోపే, అక్కణ్ణుంచి ఆటోకి ముప్పై.

పొదుపు సంఘం లీడరు శివమ్మ అప్పటికే నడిబజార్లో జామాయిలు దుంగలు దింపించింది. తెల్లారకముందే చద్దన్నం తిని ఉపవాసం పట్టినోళ్ళు, చేతులకి గోరింటాకు, ఒక్కరూ నీరసమన్లా. రెండు పక్కలా దుంగలు కత్తెరలాగా వేసి, పైన అడ్డంగా ఒక దూలం కట్టా. ఇరవై మంది ఒక్క కేకేసి లేపి గుంటల్లో నిలబెట్టారు. అడ్డదూలం మీద ఉయ్యాల మోకు ముడెయ్యటానికి ట్రాక్టరు ట్రక్కు ఎక్కా. ఎక్కానే గానీ, వేళ్ళలో పట్టు చాలక మోకు బిగుసుకోలా. అబద్ధమెందుకు, సిగ్గయింది.

కోటమ్మ ట్రక్కు ఎక్కి నా చేతిలో మోకు తీసుకుంది. "చెప్పు అన్నాయ్, నే కడతా."

జీవితమంతా మిర్చి బస్తాలు బిగించిన చెయ్యి అది. రెండు చుట్లు, ఒక అడ్డం, మళ్ళీ రెండు. నేను చెప్పేలోపే బిగించింది. లాగి చూశా, కదల్లా.

అప్పుడొచ్చాడు ఊరి పెద్దమనిషి, నాకు వరసకి మావ. "కడితే కట్టారు. ముందు ముత్తైదువల్ని ఎక్కించండి. కోటమ్మ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. అంతసేపూ కేకలేసినోళ్ళు తలలు దించేశారు. శివమ్మ కూడా తల దించింది. కోటమ్మ నాలుగడుగులు వెనక్కి పోయింది.

ఆ నాలుగడుగులు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట, మొగుడు పోయిన ఏడు, ఉయ్యాల దగ్గరికి పోయిన కోటమ్మని రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది నేనే.

"మావా, మా క్వారీలో ఒక కట్టుబాటుంది" అన్నా. "ముడేసినోళ్ళే ముందు వేలాడాలి. ముడి నిలబడిందని తేలినాకే రెండో మనిషి. లేకపోతే ప్రాణాలు పోతయ్."

"అయితే నువ్వెక్కు. మోకు నీదేగా."

"మోకు నాది. ముడి దానిది. అది ఎక్కకుండా ఇంకొకళ్ళు ఎక్కితే మోకు విప్పుకుని పోతా. ఎవరన్నా పడి నడుం విరిగితే నువ్వు మోస్తావా?"

శివమ్మ తలెత్తింది. "రా కోటమ్మత్తా, నువ్వు ఊగితేనే మేం ఊగేది!" అంది. ఆ మాటతో అందరూ అందుకున్నారు. మావ గొణుక్కుంటా అరుగెక్కి కూర్చున్నాడు, పోలేదు మళ్ళీ, చూడాలిగా!

కోటమ్మ పీట మీద కూర్చుంది. ఊపుదామని నేను దగ్గరికి పోయా.

"జరుగు అన్నాయ్" అంది. "ఈసారి చెయ్యి పట్టుకోమాక."

జరిగా. కాళ్ళతో నేలని తన్ని అదే ఊగింది, దూలం ఎత్తు దాకా.

పండగంటే అట్లూ గోరింటాకూ అనుకునేవాణ్ణి. ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా ఉంటే మనిషి తల దించుకుంటది. అదే ఇరవై మంది బజార్లో నిలబడి దుంగ లేపితే, దించిన తల కూడా మళ్ళీ లేస్తది. ఆడోళ్ళ పండగలు దేనికని అడిగేవాళ్ళు గురజాల వచ్చి చూసుకోండి. నా తప్పు నేను ముప్పై ఏళ్ళకి దిద్దుకున్నా. మీకు అంత టైము అక్కర్లా.

వచ్చే మగాళ్ళకి ఒక మాట: గురజాల బస్టాండులోనే టిఫిను తినండి. చందమామ కనపడేదాకా ఊళ్ళో పొయ్యి దగ్గర మీకోసం ఎవరూ నిలబడరు, నిలబడమని అడగమాకండి.