గంట దూరం

మాది గోదావరి జిల్లా. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి విశాఖ వచ్చాను. నా స్నేహితుడిది సబ్బవరం దగ్గర పల్లెటూరు. ఉక్కునగరంలో ఇద్దరి క్వార్టర్లూ ఒకే సెక్టారులో, ఇద్దరిదీ ఒకే షిఫ్టు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో నాతోపాటు కూర్చున్నది అతనే.

తొంభైల్లో పెందుర్తిలో స్థలాలు అమ్ముతున్నారని తెలిసి స్కూటర్ మీద నన్ను తీసుకెళ్లాడు.

"పక్కపక్కనే కొనుక్కుందాం బావా. పునాదులు కూడా ఒకే రోజు తవ్విద్దాం" అన్నాడు. కొన్నాం.

కొన్నేళ్లకు అతను ఇక్కడి ఉద్యోగం మానేసి హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో చేరాడు. సెలవు రోజుల్లో నేను పెందుర్తి వెళ్లి రెండు స్థలాల్లోనూ తుమ్మమొక్కలు కొట్టేవాణ్ణి. ఇల్లు మొదలుపెడదాం రమ్మని ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒకటే మాట.

"ఏటి సెయ్యమంటావు బావా? రాత్రంతా రైలు. వచ్చి ఎల్లడానికే రెండ్రోజులు పోతన్నాయి. నానొచ్చీవరకూ ఆగు."

ఆగాను. "ఆయన కోసం మనమెందుకు క్వార్టర్లో పడుండాలి?" అని మా ఆవిడ విసుక్కున్నా ఆగాను. ఊరు దూరమైతే మనిషేం చేస్తాడు అని సర్దిచెప్పేవాణ్ణి.

ఒక సాయంత్రం హైదరాబాదు నుంచి విమానంలో వస్తున్న మా బావమరిది కోసం ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ఎవరితోనో నవ్వుతూ బయటికొచ్చాడు.

"బావగారూ, ఈయనది నా పక్క సీటు. నెలకోసారి ఇలా వస్తూ ఉంటారట. కాఫీ తాగి నాలుగు మాటలు చెప్పుకునేసరికి వైజాగ్ వచ్చేసింది. గంటే!"

ఆ పక్క సీటాయన నా స్నేహితుడు. నన్ను చూడగానే అతని నవ్వు ఆగిపోయింది.

"కంపెనీ పని బావా... టికెట్టు ఆళ్లే ఇస్తన్నారు" అని చేతిలో బ్యాగు సర్దుకున్నాడు. "రేపు మీ ఇంటికొత్తాను. సెల్లెమ్మకి సెప్పు."

మర్నాడు మా ఆవిడ వంజరం చేపల పులుసు పెట్టింది. సాయంత్రం దాకా చూశాం. రాలేదు.

ఆ ఆదివారం పెందుర్తి వెళ్తే అతని స్థలంలో కూలీలు రాతి స్తంభాలు పాతుతున్నారు. గొడుగు వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఈ స్థలం మాకు తెలిసినవాళ్లదండీ అన్నాను.

"పోయిన నెల్లోనే నాను కొనీసాను బాబూ. ఇంత సుబ్బరంగా ఉందేటని అడిగితే, కాపలాకి మనిషిని పెట్టానన్నాడాయన. నువ్వేనా?"

నా చేతిలో మొక్కలు కొట్టే కత్తి ఉంది మరి.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

"నీ స్థలం నువ్వు అమ్ముకుంటావు. నాతో ఒక్కమాట చెప్తే ఏం పోయింది?"

"సెప్తే బాధపడతావని బావా..."

"కాపలావాడికి బాధేమిటి?"

ఫోన్ పెట్టేశాను.

ఆ ఏడాదే ఇల్లు కట్టాను. గృహప్రవేశానికి అతన్ని పిలవలేదు. స్థలం అమ్మేశాడని మాత్రం మా ఆవిడకి చెప్పాను, ఆ పెద్దాయన అన్న మాట చెప్పలేదు. "పాపం, ఏం ఇబ్బంది వచ్చిందో" అని ఆమె ఇప్పటికీ అంటూ ఉంటుంది. నేను కాదనను.