సూది ముందు ప్రార్థన

ఈ రోజు నా ప్రార్థన విని ఒక పేషెంటు హడలిపోయాడు.

నర్సింగ్ స్కూల్లో చేరినప్పటి నుంచీ సూది పట్టుకుంటే నా చేయి వణుకుతోంది. ఇంకోసారి వణికితే ఇంటికి పంపించేస్తానని ట్యూటరమ్మ నిన్ననే చెప్పింది. ఈ ఉదయం వార్డులో ఆమె నా పక్కనే నిలబడింది. ఎదురుగా మంచం మీద, కాలు విరిగిన గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడు. మరిగించిన గాజు సిరంజిలోకి మందు ఎక్కించి, ఆయన జబ్బ పట్టుకుని, అమ్మ నేర్పినట్టు కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, నా చేతిని నువ్వే పట్టుకో" అన్నాను.

ఆయన చేయి లాగేసుకున్నాడు.

"ఏంది బిడ్డా, కండ్లు మూసుకొని గుచ్చుతవా?"

"లేదు కాకా, ప్రార్థన చేసుకుంటున్న."

"చేసుకో, వద్దంటలేను. మేం గూడ బాయిల దిగేటప్పుడు మొక్కుతం. కానీ కండ్లు తెరిచే మొక్కుతం, మీద కప్పు కూలుతదేమో చూసుకుంట."

ట్యూటరమ్మ ముఖంలో నవ్వు లేదు. ఈసారి సూది మొన మీదే చూపు నిలిపి, అదే మాట మనసులో అనుకుని గుచ్చాను. చేయి వణకలేదు. తలెత్తి చూస్తే కాక కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు.

"అయిపోయింది కాకా."

"ఆమేన్ అనకుంట ఎట్ల అయిపోతది బిడ్డా?"

అన్నాను. అప్పుడు కళ్లు తెరిచాడు.

ఇంతకీ నా చేతిని నిలిపింది కళ్లు తెరిచి నేను చేసిన ప్రార్థనా, కళ్లు మూసుకుని ఆయన చేసిందా? మీరే చెప్పండి.