ఖాళీల మాస్టారి పర్యటన

ప్రపంచంలో సరిహద్దు దాటిన వాళ్లలో సగం మంది ఖాళీల మాస్టారి చేతిరాత మీదే దాటారు. సగం అంటే మరీ ఎక్కువేమో. ఆ వీధిలో ముగ్గురిలో ఇద్దరు మాత్రం ఖాయం.

వీసా కార్యాలయానికి ఎదురుగా, జిరాక్స్ కొట్టు మెట్ల పక్కన ఒక మడత బల్ల, రెండు నల్ల పెన్నులు. పాతికేళ్లుగా ఊళ్లో వాళ్ల ఫారాల్లో ఖాళీలు నింపడమే పని, అందుకే ఆ పేరు. సొంత పాస్‌పోర్టులో మాత్రం అన్నీ ఖాళీ పేజీలే.

"వీసా వచ్చిందని సంబరపడకు తల్లీ. అది గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టుకోవడానికి అనుమతి, అంతే. తీస్తారో లేదో వాళ్లిష్టం," అని అందరికీ చెప్పేవాడు. ప్రయాణ కారణం అన్న గడిలో ఎవరికైనా ఒకే మాట రాసేవాడు: పర్యటన. "ఎక్కువ రాస్తే ఎక్కువ అడుగుతారు."

ఒక బుధవారం పొద్దున్నే పొరుగు దేశం నుంచి బావ ఫోన్ చేశాడు. అక్కకి సోమవారం గుండె ఆపరేషన్.

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వొస్తేగానీ టేబులెక్కనని భీష్మించుకు కూర్చుంది. ఈ మొండితనం మీ ఇంటి పంటే కదా!"

మాస్టారు మొదటిసారి తన పేరుతో ఫారం నింపాడు. చెయ్యి అలవాటు కొద్దీ పరుగెత్తింది. కిటికీ అవతల అధికారిణి కాగితం తిరగేసింది.

"పర్యటన అని రాశారు. ఏమేం చూస్తారు?"

జనానికి నేర్పిన జవాబులన్నీ పక్కనపెట్టి మాస్టారు ఉన్నమాట చెప్పేశాడు.

"ఆస్పత్రి మూడో అంతస్తండీ."

"అక్కడ చూడ్డానికేముంది?"

"మా అక్క."

ఆమె ఫారం వెనక్కి నెట్టింది. "అయితే అదే రాయండి. ఆస్పత్రి వాళ్ల ఉత్తరం జత చేసి ఈరోజే తెచ్చివ్వండి."

ఆ ఒక్క గడి నింపడానికి ఆయనకు ముప్పావుగంట పట్టింది. చోటు చాలక రాత అంచుల్లోకి పాకింది. బావ ఫోనుకు పంపిన ఉత్తరాన్ని జిరాక్స్ కొట్టువాడు ప్రింటు తీసిచ్చాడు. శుక్రవారం వీసా ముద్ర పడింది. ఆదివారం మంచం మీదనుంచే అక్క, "ఇప్పుడా రావడం, సన్నాసీ!" అని దులిపేసి, మర్నాడు బుద్ధిగా టేబులెక్కింది. పది రోజులకు ఇంటికీ వచ్చింది.

ఈ సంగతి మాస్టారిని అడిగి చూడండి. తలెత్తకుండానే కొట్టిపారేస్తాడు.

"ఎవడండీ మీకు చెప్పింది? నేను ఫారం తప్పు రాయడమా? జన్మలో లేదు. నాకసలు అక్కే లేదు."